యంత్ర సందేహాలు: పాత లారీలో డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయడం

ప్రశ్న: 1960ల చివర్లో మా నాన్నగారు కొన్న బెడ్‌ఫోర్డ్ లారీ మా రైస్ మిల్లు షెడ్డులో చాలా ఏళ్లు కదలకుండా ఉండిపోయింది. నిరుడు ఇంజిన్ విప్పించి మళ్లీ నడిచే స్థితికి తెచ్చుకున్నాం. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 12 వోల్టుల లూకాస్ డైనమో; బ్యాటరీ ప్లస్ వైరు ఛాసిస్‌కు కలిపి ఉంది. దసరాకు, మేడారం జాతరకు ఈ లారీని అలంకరించి బయటకు తీస్తాం. రాత్రిపూట లైట్లన్నీ వేసి, మైకు పెట్టి, జనం మధ్యలో మెల్లగా నడిపితే కొద్దిసేపటికే హెడ్‌లైట్లు మసకబారి, చివరికి బ్యాటరీ దిగిపోతున్నది. వరంగల్ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేద్దామంటున్నారు. మరొకరు పాత బండికి అది నిలవదని, డయోడ్లు కాలిపోతాయని చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? వేస్తే ఏమేం మార్చాలి? లారీ అసలు రూపం చెడకుండా చేయవచ్చా?
— ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. డైనమో, ఆల్టర్నేటర్ రెండూ ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేవే; ఆల్టర్నేటర్ వేస్తే మీ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అయితే డైనమో ఉన్న చోట దాన్ని బిగించి, పాత వైర్లనే పాత లెక్కన తగిలించి వదిలేస్తే, రెండో మేస్త్రీ చెప్పినట్లు అది మొదటి రోజే కాలిపోవచ్చు. ఈ మార్పులో ఆల్టర్నేటర్ కొనడం చిన్న పని; ఎర్త్ (బ్యాటరీలో ఛాసిస్‌కు కలిపే పోలు) మార్చడం, వైరు మందం, పుల్లీ కొలత, ఈ మూడింటిని సరిచేసుకోవడమే అసలు పని.

ముందుగా బ్యాటరీ ఎందుకు దిగిపోతున్నదో లెక్క వేసి చూద్దాం. రెండు హెడ్‌లైట్లు 60 వాట్ల చొప్పున 120 వాట్లు, వెనుక లైట్లు, నంబరు ప్లేటు లైటు, డ్యాష్‌బోర్డు బల్బులు కలిపి మరో 30 వాట్లు అనుకుంటే, వాటికే 11 ఆంపియర్లు కావాలి. ఇగ్నిషన్ కాయిల్ దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. అలంకరణ బల్బులు, మైకు సెట్టు కలిపి 100 వాట్లున్నా మరో ఏడెనిమిది ఆంపియర్లు. అంటే వైపర్లు, హారన్ జోలికి పోకుండానే 22 ఆంపియర్లు దాటిపోయాం. ఆ కాలపు లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లే. మీ డైనమో ఒంటి మీద చెక్కిన రకాన్ని చూసి పోల్చుకోండి. పైగా ఆ 22 ఆంపియర్లు లారీ రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు వచ్చేవి. ఊరేగింపులో ఇంజిన్ స్లో రన్నింగ్‌లో ఉన్నప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని దాటదు, డైనమోను బ్యాటరీకి కలిపే, విడదీసే ఆటోమేటిక్ స్విచ్ అయిన కటౌట్ మూసుకోదు, కాబట్టి ఛార్జింగ్ ఏమీ ఉండదు. లైట్లు, మైకు, ఇగ్నిషన్ అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. మీ డైనమో కొత్తదైనా ఇదే జరుగుతుంది.

అలాగని డైనమో బాగుందో లేదో చూడకుండా తీసేయమని చెప్పను. పరీక్ష తేలికైనదే. డైనమో మీద ఉన్న డి, ఎఫ్ టెర్మినళ్ల వైర్లు రెండూ విప్పి, ఆ రెండు టెర్మినళ్లను ఒక చిన్న తీగతో కలపండి. మీది ప్లస్ ఎర్త్ కనుక మల్టీమీటర్ ఎర్ర తీగను డైనమో ఒంటికి, నల్ల తీగను కలిపిన టెర్మినళ్లకు ఆనించి, ఇంజిన్‌ను మెల్లగా 1000 ఆర్‌పీఎం దాకా పెంచండి. వోల్టేజి తడబడకుండా చకచకా పెరగాలి. 20 వోల్టులు దాటనివ్వకుండా అక్కడే ఆపేయాలి. మీటరు అసలు కదలకపోతే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి గానీ, ఇరుక్కుపోయి గానీ ఉంటాయి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్‌ను (అయస్కాంత శక్తినిచ్చే చుట్లు), నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్‌ను (లోపల తిరిగే చుట్లు) అనుమానించాలి. డైనమో బాగుందని తేలి, మీరు లారీని పగలు మాత్రమే నడిపేటట్లయితే, దాన్ని అలాగే ఉంచుకోమనే నా సలహా. మీ అవసరం రాత్రి ఊరేగింపులది కాబట్టి ఆల్టర్నేటర్ సబబే.

రెండు యంత్రాల్లోనూ పుట్టేది ఆల్టర్నేటింగ్ కరెంటే. డైనమోలో అది తిరిగే ఆర్మేచర్‌లో పుట్టి, కమ్యుటేటర్ దగ్గర డీసీగా మారి, ఆ కరెంటు మొత్తం కార్బన్ బ్రష్‌ల గుండా బయటకు రావాలి. అందుకే బ్రష్‌లు త్వరగా అరుగుతాయి, ఆర్మేచర్‌ను మరీ వేగంగా తిప్పడానికీ వీలుండదు. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే చుట్లు కదలకుండా చుట్టూ ఉంటాయి, లోపల తిరిగేది ఫీల్డ్ కాయిల్. దాని బ్రష్‌ల గుండా మూడు నాలుగు ఆంపియర్లు పోతే చాలు. పుట్టిన మూడు ఫేజుల కరెంటును సిలికాన్ డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఆ డయోడ్లు చౌకగా దొరకడం మొదలయ్యాకే కార్లకు ఇది సాధ్యమైంది. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960లో వాలియంట్ కారుతో దీన్ని మొదలుపెట్టింది. మన దగ్గర లారీలకు, జీపులకు చేరడానికి మరి కొన్నేళ్లు పట్టింది. డయోడ్లు కరెంటును ఒక్క దిక్కుకే పోనిస్తాయి, బావి మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు నీళ్లను వెనక్కి జారనివ్వనట్లే. అందుచేత బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపడానికి డైనమోకు అవసరమైన కటౌట్ దీనికి అక్కర్లేదు. తాను తట్టుకోగలిగినదానికి మించి కరెంటు ఇవ్వకుండా ఆల్టర్నేటర్ తనంతట తానే పరిమితమవుతుంది కాబట్టి కరెంటు రెగ్యులేటర్ కూడా అక్కర్లేదు. వోల్టేజిని 14.2 వోల్టుల ప్రాంతంలో నిలబెట్టే ఒక్క రెగ్యులేటర్ చాలు. అదీ ఇప్పటి ఆల్టర్నేటర్లలో లోపలే ఉంటుంది.

ఇక ఏ ఆల్టర్నేటర్ కొనాలి అన్నది. 90 ఆంపియర్లు, 120 ఆంపియర్లు ఇచ్చే కొత్త కార్ల ఆల్టర్నేటర్ల జోలికి పోవద్దు. మీ లెక్క ప్రకారం 36 నుంచి 45 ఆంపియర్లు ఇచ్చేది సరిపోతుంది. వరంగల్‌లోనూ, చుట్టుపక్కల మండల కేంద్రాల్లోనూ ట్రాక్టర్లకు వేసే 12 వోల్టుల ఆల్టర్నేటర్లు దొరుకుతాయి; దుమ్ముకు, అదురుకు తట్టుకునేలా చేసినవి, పైగా మన ప్రాంతంలో ప్రతి ఆటో ఎలక్ట్రీషియన్‌కూ చేతికి అలవాటైనవి. లూకాస్ టీవీఎస్ తయారీది అయితే విడిభాగాలకు ఇబ్బంది ఉండదు. లేబుల్ మీద వోల్టులు, ఆంపియర్లు స్వయంగా చదివి కొనండి, ఎందుకంటే చూడటానికి ఒకేలా ఉండే వాటిలో 24 వోల్టులవీ ఉంటాయి. కొనే ముందు మరొకటి చూసుకోవాలి. కొన్ని లారీల్లో బ్రేకుల కోసం వాక్యూమ్ పంపును డైనమో వెనుకే బిగించేవారు. మీది పెట్రోల్ ఇంజిన్ కనుక ఇంజిన్ మ్యానిఫోల్డ్ నుంచే వాక్యూమ్ వస్తూ ఉండవచ్చు. అయినా డైనమో వెనుక రబ్బరు పైపులేవైనా ఉన్నాయేమో వంగి చూసి నిర్ధారించుకోండి. అక్కడ పంపు ఉంటే డైనమో తీయడమంటే బ్రేకు తీయడమే.

ఇప్పుడు ఎర్త్ సంగతి. మార్కెట్‌లో దొరికే ఆల్టర్నేటర్లు మైనస్ ఎర్త్‌కు చేసినవి. మీ లారీ ప్లస్ ఎర్త్. ఈ తేడా పట్టించుకోకుండా కలిపితే, ఆ క్షణంలోనే బ్యాటరీ కరెంటు డయోడ్ల గుండా అడ్డూ ఆపూ లేకుండా పారి వాటిని కాల్చేస్తుంది. పాత బండికి ఆల్టర్నేటర్ నిలవదన్న మాట చాలావరకు ఇలాంటి అనుభవాల నుంచే పుట్టి ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి ముందు లారీ మొత్తాన్ని మైనస్ ఎర్త్‌కు మార్చాలి. భయపడేంత పని కాదు. బ్యాటరీని తిప్పి పెట్టి, మైనస్ పోలును ఛాసిస్‌కు, ప్లస్ పోలును సెల్ఫ్ వైపు కలపాలి. ప్లస్ పోలు మైనస్ పోలు కంటే లావుగా ఉంటుంది కనుక పాత క్లాంపులు అటూ ఇటూ సరిగ్గా కూర్చోవు. ఒకటి వదులవుతుంది, మరొకటి ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కించకుండా రెండు క్లాంపులూ కొత్తవి వేయించండి.

సెల్ఫ్ మోటారు ఫీల్డ్, ఆర్మేచర్ రెండూ చుట్లవే కనుక కరెంటు దిక్కు మారినా అది తిరిగే దిక్కు మారదు. బల్బులకు, పాత రకం హారన్‌కు ఏ తేడా ఉండదు. ఆంపియర్ మీటరు మాత్రం ఛార్జింగ్‌ను డిశ్చార్జిగా చూపిస్తుంది కనుక దాని వెనుక రెండు వైర్లను తారుమారు చేయాలి. ఇగ్నిషన్ కాయిల్ వైర్లను కూడా తప్పక మార్చాలి, దీన్నే చాలామంది మరచిపోతారు. పాత లూకాస్ కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని రాసి ఉంటుంది. ఇప్పుడు స్విచ్ నుంచి వచ్చే వైరు సీబీకి, డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైరు ఎస్‌డబ్ల్యూకి రావాలి. మార్చకపోయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ స్పార్క్ ప్లగ్‌లో వేడిగా ఉండే నడిమి కడ్డీ మైనస్‌గా ఉన్నప్పుడు తక్కువ వోల్టేజికే స్పార్క్ దూకుతుంది. తారుమారైతే ఎక్కువ వోల్టేజి కావలసి వచ్చి, లోడు మీద, తడి వాతావరణంలో ఇంజిన్ తడబడుతుంది. మైకు సెట్టు, రేడియో, ఎల్‌ఈడీ పట్టీలు ఏవైనా లారీ వైరింగ్‌కు కలిపి ఉంటే వాటి ప్లస్ మైనస్‌లను విడిగా సరిచూసుకోవాలి.

వైరింగ్ విషయంలో మీ లారీ కటౌట్ పెట్టె మూత తీసి చూడండి. రెండు బొబ్బిన్ల లూకాస్ ఆర్‌బీ106 రకమైతే కింద వరుసగా ఏ, ఏ1, ఎఫ్, డి, ఈ అని అయిదు టెర్మినళ్లు కనిపిస్తాయి. డి దగ్గర డైనమో నుంచి వచ్చే లావు వైరుతో పాటు ఛార్జింగ్ లైటుకు పోయే సన్న వైరు కూడా ఉంటుంది. ఎఫ్‌కు డైనమో ఫీల్డ్ వైరు, ఏకు ఆంపియర్ మీటరు మీదుగా బ్యాటరీకి పోయే వైరు, ఏ1కు లైట్లు, ఇగ్నిషన్ వైపు పోయే వైరు. బ్యాటరీ క్లాంపు తీసేసి, ప్రతి వైరుకూ దాని అక్షరం రాసిన కాగితం కట్టిన తర్వాతే విప్పండి. ఆల్టర్నేటర్‌కు కావలసినవి రెండే: బి ప్లస్ అనే లావు టెర్మినల్ నుంచి బ్యాటరీకి పోయే వైరు, ఐఎన్‌డీ లేదా ఎల్ అనే సన్న టెర్మినల్‌కు ఛార్జింగ్ లైటు వైరు. కటౌట్ దగ్గర డి నుంచి ఛార్జింగ్ లైటు సన్న వైరును విడదీసి, ఎఫ్ నుంచి తీసిన ఫీల్డ్ వైరుకు కలిపితే, ఆ ఫీల్డ్ వైరు రెండో కొన ఇంజిన్ దగ్గర ఎలాగూ ఉంది కనుక దాన్నే ఐఎన్‌డీకి బిగించుకోవచ్చు. ఏ, ఏ1 వైర్లను ఒకదానికొకటి గట్టిగా కలపాలి. ‘ఈ’ (E) టెర్మినల్ వైరును, డి నుంచి డైనమోకు పోయే పాత లావు వైరును విప్పి, కొనలకు టేపు చుట్టి, తెగ్గొట్టకుండా అలాగే కట్టిపెట్టండి. కటౌట్ పెట్టెను బయట పారేయవద్దు. ఖాళీ పెట్టెగా దాని స్థానంలో దాన్ని ఉంచి, లోపల ఈ కలుపులు పెట్టి మూత వేస్తే బానెట్ తెరిచినవారికి తేడా తెలియదు.

బి ప్లస్ నుంచి వచ్చే వైరును మాత్రం కొత్తగా వేయాలి. డైనమో కాలపు వైరు 22 ఆంపియర్ల కోసం వేసినది. 45 ఆంపియర్లకు 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి. మూడు మీటర్ల 10 స్క్వేర్ ఎంఎం వైరులో 45 ఆంపియర్లు పోతుంటే దాదాపు పావు వోల్టు మాత్రమే తగ్గుతుంది, అదే 2.5 స్క్వేర్ ఎంఎం వైరైతే ఒక వోల్టు దాకా తగ్గి, ఆ వోల్టు వేడిగా మారి వైరు తొడుగును మెత్తబరుస్తుంది. ఈ కొత్త వైరును నేరుగా సెల్ఫ్ స్విచ్ మీద బ్యాటరీ కేబుల్ కూర్చునే బోల్టుకు తీసుకువెళ్లి, ఆ కొనకు దగ్గరలో 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇలా నేరుగా తీసుకువెళ్లమనడానికి కారణం ఉంది. మీ డ్యాష్‌బోర్డు ఆంపియర్ మీటరు 30 ఆంపియర్లకు చేసినదై ఉంటుంది. దిగిపోయిన బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటర్ ఒక్కసారిగా 40 ఆంపియర్లు పంపిస్తే, ఆ మీటరు వెనుక వేడి పుట్టి పొగ రావచ్చు. నేరుగా కలిపితే మీటరు ఇకపై లైట్లు, ఇగ్నిషన్ వాడుకునే కరెంటును మాత్రమే, డిశ్చార్జి వైపున చూపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడవద్దు. ఛార్జింగ్ తెలుసుకోవడానికి డ్యాష్‌బోర్డు కింద కనిపించకుండా ఒక చిన్న వోల్ట్ మీటరు పెట్టుకుంటే సరిపోతుంది.

బిగింపు దగ్గర లేత్ షాపు సాయం కావాలి. డైనమో పొడుగ్గా, ముందూ వెనుకా రెండు చెవులతో ఇంజిన్‌కు పడుకుని ఉంటుంది, ఆల్టర్నేటర్ పొట్టిది. ఇంజిన్ మీద ఉన్న పాత బ్రాకెట్‌ను కోయకుండా, దాని రెండు రంధ్రాల మధ్య ఒకే పొడుగు బోల్టు దూర్చి, ఆల్టర్నేటర్ చెవికీ వెనుక బ్రాకెట్‌కూ మధ్య ఖాళీలో మందపాటి ఇనుప పైపు బుష్ టర్నింగ్ చేయించి వేయండి. వాషర్లు గుట్టగా పేర్చి ఖాళీ నింపడం మంచి పద్ధతి కాదు. అదురుకు అవి కదిలి, అల్యూమినియం చెవి పగులుతుంది. కొత్త బ్రాకెట్ తప్పనిసరైతే 8 ఎంఎం ఇనుప ప్లేటుకు తగ్గనివ్వవద్దు. పైన బెల్టు బిగించే పట్టీ దాదాపు ఎప్పుడూ కొత్తది చేయించాల్సిందే.

పుల్లీ గురించి కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే మీరు అనుకున్న ఫలితం దక్కేదీ దక్కనిదీ ఇక్కడే తేలుతుంది. ఉదాహరణకు క్రాంక్ పుల్లీ 150 ఎంఎం, డైనమో పుల్లీ 100 ఎంఎం ఉందనుకుందాం. ఇంజిన్ 500 ఆర్‌పీఎం మీద స్లో రన్నింగ్‌లో ఉంటే డైనమో 750 మాత్రమే తిరుగుతుంది. పాత డైనమో పుల్లీనే ఆల్టర్నేటర్‌కు వేస్తే అదీ 750 మీదే తిరిగి, ఛార్జింగ్ మొదలవడానికి కావలసిన వెయ్యి, పన్నెండు వందలను అందుకోదు. అప్పుడు ఇంత ఖర్చూ వృథా. అదే 65 ఎంఎం పుల్లీ వేస్తే ఆల్టర్నేటర్ 1150 అందుకుంటుంది. స్లో రన్నింగ్‌ను 650కి పెంచితే 1500. అక్కడ పూర్తి 45 ఆంపియర్లు రావు, కొన్ని ఆంపియర్లే వస్తాయి. ఊరేగింపులో హ్యాండ్ థ్రాటిల్ కొద్దిగా లాగి ఉంచితే లైట్లకు, మైకుకు సరిపోయే కరెంటు అందుతుంది. ఇంజిన్ 3200 మీద ఉన్నా ఆల్టర్నేటర్ 7400 లోపే తిరుగుతుంది, అది దానికి భారం కాదు. డైనమోకు ఇంత చిన్న పుల్లీ వేసి ఉంటే మాత్రం ఆ వేగానికి ఆర్మేచర్ చుట్లు ఊడి వచ్చేవి. పుల్లీ గాడి వెడల్పు మీ బెల్టుకు సరిపోవాలి. ఇప్పటి కార్ల సన్నని పుల్లీలో పాత లారీ వెడల్పు బెల్టు గాడి పైనే తేలి జారుతుంది. కావాలంటే లేత్ మీద పాత గాడి కొలతకు కొత్త పుల్లీ చేయించవచ్చు. క్రాంక్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ పుల్లీలు మూడూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో నిటారైన ఇనుప పట్టీ ఆనించి చూడాలి. ఆ బెల్టు మీదే వాటర్ పంపు కూడా తిరుగుతుందని గుర్తుంచుకోండి. వంకరగా తిరిగిన బెల్టు తెగితే ఛార్జింగ్‌తో పాటు ఇంజిన్ చల్లదనమూ పోతుంది. బెల్టు పొడుగు భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే 10, 12 ఎంఎం కిందికి దిగేంత బిగువు చాలు. ఆల్టర్నేటర్ బయటి ఫ్యాన్ రెక్కలు వంపు తిరిగి ఉంటే మీ ఇంజిన్ తిరిగే దిక్కుకు సరిపోయేవేనా అని అడిగి తీసుకోండి. ఎటు తిరిగినా కరెంటు వస్తుంది గానీ, తప్పు దిక్కుకు తిరిగితే గాలి సరిగా ఆడదు.

అంతా అయ్యాక ఇంజిన్ ఆపి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇస్తే ఛార్జింగ్ లైటు ఆరిపోయి, బ్యాటరీ పోళ్ల మీద 14 నుంచి 14.4 వోల్టులు రావాలి. హెడ్‌లైట్లు వేసినా 13.8కి తగ్గకూడదు. 14.8 దాటితే రెగ్యులేటర్ చెడినట్లే, ఆ స్థితిలో నడిపితే బ్యాటరీ ఉడుకుతుంది. ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్ పోలుకూ మధ్య 0.2 వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందని అర్థం. రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించండి.

మీ మేస్త్రీకి, డ్రైవరుకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి. డైనమో కాలంలో ఛార్జింగ్ వస్తున్నదా అని చూడటానికి వైరు కొనను ఛాసిస్‌కు టప్పున తగిలించి స్పార్క్ చూసేవారు, ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ క్లాంపు ఊడదీసి చూసేవారు. ఆల్టర్నేటర్‌కు ఈ రెండూ ప్రాణాంతకం. అలంకరణ కోసం బాడీ మీద వెల్డింగ్ పని పెట్టుకుంటే ముందుగా బ్యాటరీ క్లాంపు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పేయాలి.

అసలు రూపం విషయానికి వస్తే, నేను చెప్పిన పద్ధతిలో లారీ మీద ఎక్కడా రంధ్రం వేయలేదు, పాత వైరు తెగ్గొట్టలేదు. డైనమోకు కొత్త బ్రష్‌లు వేయించి, బేరింగుకు గ్రీజు పెట్టి, తడి తగలని చోట దాచి ఉంచండి. ఎప్పుడైనా తిరిగి వేయాలనుకుంటే మళ్లీ ప్లస్ ఎర్త్‌కు పోనక్కర్లేదు. డైనమో వైర్లు కలపక ముందు బ్యాటరీ ప్లస్ నుంచి ఒక తీగను దాని ఎఫ్ టెర్మినల్‌కు క్షణకాలం రెండు మూడుసార్లు తాకిస్తే అది మైనస్ ఎర్త్‌కు అలవాటు పడుతుంది. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు సొంతానికి వాడుకునే ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్లకు ఉద్దేశించినవి. మీ లారీకి అవి వర్తిస్తాయని అనుకోకుండా, రవాణా కార్యాలయంలో అడిగి ముందుకు వెళ్లండి.

ప్రశ్న: మా పాత పెట్రోల్ జీపుకు ఇటీవల ఆల్టర్నేటర్ వేయించాను. ఛార్జింగ్ బాగానే వస్తున్నది. కానీ తాళం తీసేసినా ఇంజిన్ ఆగడం లేదు. గేరులో వేసి క్లచ్ వదిలి ఆపవలసి వస్తున్నది. స్విచ్ కూడా కొత్తదే వేశాం.
— ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: స్విచ్ తప్పు కాదు. ఆల్టర్నేటర్ ఐఎన్‌డీ టెర్మినల్ నుంచి వచ్చే సన్న వైరును మీ ఎలక్ట్రీషియన్ ఛార్జింగ్ లైటు మీదుగా కాకుండా నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కు కలిపి ఉంటారు. మొదట్లో ఆ వైరు ఆల్టర్నేటర్‌కు మేల్కొలుపు కరెంటు ఇస్తుంది. ఒకసారి మేల్కొన్నాక అదే టెర్మినల్ నుంచి 14 వోల్టులు వెనక్కి వస్తాయి. మీరు తాళం తీసినప్పుడు బ్యాటరీ తెగిపోతుంది గానీ, ఈ దారిన వచ్చే కరెంటు కాయిల్‌ను నడుపుతూనే ఉంటుంది.

దీనికి మందు చవకైనది. ఆ వైరు మధ్యలో 12 వోల్టుల 2.2 వాట్ల బల్బు పెట్టించండి. దాని గుండా ఆంపియరులో అయిదో వంతు కంటే ఎక్కువ కరెంటు వెనక్కి రాలేదు, అది కాయిల్‌కు చాలదు. బల్బు పెట్టే చోటు లేకపోతే ఆ వైరులో ఒక డయోడ్ వేయించవచ్చు, దాని మీది గీత ఆల్టర్నేటర్ వైపు ఉండాలి. బల్బునే ఎంచుకోమంటాను, ఎందుకంటే బెల్టు తెగినా, ఛార్జింగ్ ఆగినా అది వెలిగి చెబుతుంది. దాని స్థానంలో ఎల్‌ఈడీ బల్బు వేయవద్దు, అది ఇచ్చే కరెంటుకు ఆల్టర్నేటర్ మేల్కొనదు. ఈ మార్పు తర్వాత బల్బు పూర్తిగా ఆరకుండా మసగ్గా వెలుగుతూ ఉంటే, ఇగ్నిషన్ స్విచ్ దగ్గర వదులు కలుపు గానీ, లోపల ఒక డయోడ్ పోవడం గానీ కారణం. బెంచి మీద పరీక్ష చేయించండి.

ప్రశ్న: నా దగ్గర 1950ల తొలి సంవత్సరాల నాటి 6 వోల్టుల షెవ్రొలే ట్రక్కు ఉంది. సెల్ఫ్ చాలా నీరసంగా తిరుగుతున్నది. 12 వోల్టుల ఆల్టర్నేటర్ వేస్తే బాగుపడుతుందా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఆల్టర్నేటర్‌కూ సెల్ఫ్ నీరసానికీ సంబంధం లేదు. 12 వోల్టులకు పోవాలంటే బ్యాటరీతో పాటు ప్రతి బల్బూ, ఇగ్నిషన్ కాయిల్, హారన్, హారన్ రిలే మార్చాలి, పెట్రోల్ గేజికి వోల్టేజి తగ్గించే పరికరం పెట్టాలి. అంత తిరగదోడవలసిన అవసరం మీకు కనిపించడం లేదు. 6 వోల్టుల బండిలో అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి కనుక బ్యాటరీ కేబుళ్లు లావుగా ఉండాలి. చాలా బండ్లకు తర్వాతి రోజుల్లో దుకాణంలో దొరికే 12 వోల్టుల సన్నని కేబుళ్లు వేసేశారు, మీదీ అలాగే అయి ఉండవచ్చు. 50 స్క్వేర్ ఎంఎంకు తగ్గని కేబుళ్లు రెండూ చేయించి, లగ్గులు గట్టిగా నొక్కించి, ఎర్త్ బిగించే చోట రంగు, తుప్పు గీకించండి. తర్వాత సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ పోలుకూ సెల్ఫ్ మోటారు టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టి చూడండి, 0.3 వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో ఎక్కడో కలుపు ఇంకా చెడ్డగా ఉంది. ఇంజిన్ ఒంటికీ మైనస్ పోలుకూ మధ్య కూడా అలాగే చూడాలి. రెండు చోట్లా బాగుండి, బ్యాటరీ నిండుగా ఉండి, సెల్ఫ్ అప్పటికీ నీరసంగా తిరిగితే, దాన్ని విప్పించి బుష్‌లు, బ్రష్‌లు మార్పించండి.